ఏథెన్స్ నుంచి ఒక్కరోజు ఓడ ప్రయాణం: హైడ్రా, పోరోస్, ఎజీనా దీవులు చూసి రావడం ఎలా?

సాంటొరీనీ దీవి ఫొటోలు చూసి గ్రీసుకి టికెట్ కొనేవాళ్ళలో చాలామందికి ఏథెన్స్‌లో దిగాక గానీ తెలియదు, అది పక్కూరు కాదని. పిరాయస్ రేవు నుంచి మామూలు ఫెర్రీలో ఏడెనిమిది గంటలు, వేగంగా వెళ్ళే పడవలోనైనా ఐదు గంటల దాకా పడుతుంది. చేతిలో ఉన్నది ఒక్క రోజే అయితే దాని మీద ఆశ వదిలేసి, ఏథెన్స్ గుమ్మంలోనే ఉన్న సారోనిక్ గల్ఫ్ దీవులకి వెళ్ళండి. హైడ్రా, పోరోస్, ఎజీనా. పొద్దున ఎనిమిదింటికి ఓడెక్కితే రాత్రి భోజనం వేళకి మళ్ళీ హోటల్లో ఉంటారు.

నేనుండేది మ్యూనిక్‌లో. గుంటూరు నుంచి అమ్మా నాన్నా వచ్చినప్పుడు సెప్టెంబరులో ముగ్గురం కలిసి వెళ్ళాం. అమ్మ గుడ్డు కూడా ముట్టదు, నాన్నకి మోకాళ్ళ నొప్పులు, నాకేమో పడవ ఊగితే కడుపులో తిప్పుతుంది. అంటే ఇలాంటి ప్రయాణంలో ఎవరికైనా రాగల కష్టాలు మూడూ మా ఇంట్లోనే ఉన్నాయన్నమాట.

ముందే ఒక మాట. ఒకే ఓడలో తిప్పి తెచ్చే క్రూజ్ టికెట్లు అమ్మేవాళ్ళు "మూడు దీవులు" అని అమ్ముతారు గానీ, ఆ పదకొండు పన్నెండు గంటల్లో మీరు నేల మీద ఉండేది మొత్తం కలిపితే నాలుగు గంటలు, మహా అయితే నాలుగున్నర. మిగతాదంతా నీళ్ళ మీదే. కాబట్టి మూడింటిలో మీ దీవి ఏదో ఇంటి దగ్గరే తేల్చుకోండి. మిగతా రెండూ కొసరు. ఇలా అనుకోని వాళ్ళు మూడు చోట్లా పరుగులు పెట్టి, సాయంత్రానికి ఏ దీవి పేరేదో కూడా గుర్తులేక ఫొటోలు తిప్పుకుంటూ కూర్చుంటారు.

1. అసలు క్రూజ్ కావాలా, ఫెర్రీ చాలా?

క్రూజ్ అంటే మనిషికి 100 యూరోల పైచిలుకు అవుతుంది. అందులో మూడు దీవులు, ఓడ మీద మధ్యాహ్న భోజనం, కాసేపు గ్రీకు పాటలూ డాన్సులూ వస్తాయి. హోటల్ నుంచి బస్సులో తీసుకెళ్ళి దింపడం కొన్ని చోట్ల కలిపే ఉంటుంది, కొన్ని చోట్ల దానికి వేరే డబ్బు. తాగే వాటికి ఎక్కువగా విడిగానే కట్టాలి.

సొంతంగా వెళ్ళాలంటే పిరాయస్ నుంచి ఫెర్రీలున్నాయి. ఎజీనాకి పెద్ద ఫెర్రీలో గంటా పావు, రానూపోనూ 20 యూరోలకు అటూ ఇటూ. హైడ్రాకి అక్కడి నుంచి పెద్ద ఫెర్రీ లేదు, వేగంగా వెళ్ళే పడవలే, గంటన్నర నుంచి రెండు గంటలు, రానూపోనూ 70 యూరోలకు అటూ ఇటూ అవుతుంది. వాటిల్లో "ఫ్లయింగ్ డాల్ఫిన్" అనే పాతకాలపు రకం ఒకటుంది, నీళ్ళ మీద రెక్కల్లాంటి వాటి ఆధారంతో పైకి లేచి పోతుంది. చూడ్డానికి భలేగా ఉంటుంది గానీ బస్సులాగా లోపలే కూర్చోవాలి, గాలి పీల్చుకోవడానికి డెక్ ఉండదు, కడుపులో తిప్పే నాలాంటి వాళ్ళకి నరకం.

నా లెక్క ఇది: మీరిద్దరూ కుర్రవాళ్ళు, నడవగలరు, ఈత కొట్టాలనుంది అంటే క్రూజ్ మానేసి ఫెర్రీలో ఒక్క దీవికి వెళ్ళండి, రోజంతా అక్కడే ఉండండి. పెద్దవాళ్ళు ఉన్నారు, లేదా గ్రీసులో మీకున్నదే రెండు రోజులు, టైమ్‌టేబుల్ చూసుకునే టెన్షన్ వద్దు అంటే క్రూజే నయం. ఓడలో బాత్రూమ్ ఉంది, కూర్చోడానికి చోటుంది, దిగడం ఇష్టం లేకపోతే దిగక్కర్లేదు. పోరోస్‌లో మా నాన్న కాసేపటికే ఓడెక్కేసి నిద్రపోయాడు, ఆయన దృష్టిలో ఆ రోజు మొత్తానికి అదే హైలైట్.

2. ఎప్పుడు వెళ్ళాలి

మే, జూన్, సెప్టెంబరు, అక్టోబరు మొదట్లో. జూలై, ఆగస్టుల్లో వద్దనను గానీ ఏథెన్స్‌లో ఎండ మన రెంటచింతలని గుర్తు చేస్తుంది, జనం కూడా ఎక్కువే. పైగా ఆ రెండు నెలలూ ఏజియన్ సముద్రంలో "మెల్టెమీ" అని ఉత్తరపు గాలి రోజుల తరబడి వీస్తుంది. సారోనిక్ గల్ఫ్‌కి ఏథెన్స్ ఉన్న అట్టికా నేల అడ్డుగా ఉంటుంది కాబట్టి సాంటొరీనీ, మికొనోస్ దారిలో ఉన్నంత ఊపు ఇక్కడ ఉండదు. అయినా గాలి బలాన్ని కొలిచే బోఫోర్ట్ స్కేలు మీద 6, 7కి వచ్చిందంటే రేవు అధికారులు ముందు చిన్న పడవలని, వేగంగా వెళ్ళే పడవలని ఆపేస్తారు. అందుకే ఈ ప్రయాణాన్ని ఏథెన్స్‌లో మీ ఆఖరి రోజుకి పెట్టుకోకండి. గాలి వల్ల రద్దయితే మర్నాడు వెళ్ళడానికి ఒక రోజు చేతిలో ఉండాలి.

ఈత కోసమైతే మే నెల కన్నా సెప్టెంబరు మేలు. వేసవంతా కాగిన సముద్రం అప్పటికి వెచ్చగా ఉంటుంది, మేలో ఇంకా వణికిస్తుంది.

3. కాగితాలు

గ్రీసు షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) దేశమే. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో రెసిడెన్స్ పర్మిట్ మీద ఉంటున్నవాళ్ళకి వేరే వీసా అక్కర్లేదు, 180 రోజుల్లో 90 రోజుల దాకా వెళ్ళి రావచ్చు. మీ దగ్గరికి షెంగెన్ విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకీ అదే వీసా పనిచేస్తుంది. అయితే వీసాలో ఉన్న రోజులు, ఎన్నిసార్లు రావచ్చో చూసుకోవాలి, ఇన్సూరెన్సు కూడా ఒక్క జర్మనీకే కాకుండా షెంగెన్ అంతటికీ వర్తించేది అయ్యుండాలి. ఐర్లండ్, బ్రిటన్ నుంచి వచ్చే మనవాళ్ళు మాత్రం జాగ్రత్త, అవి షెంగెన్‌లో లేవు, అక్కడి పర్మిట్ ఇక్కడ చెల్లదు. ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్ళు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు.

4. బుక్ చేసే ముందు అడగాల్సినవి

రేటు చూసి నొక్కేయకండి. ఏ రేవు నుంచి బయల్దేరుతుంది? పాలియో ఫాలిరోలో ఉన్న ఫ్లిస్వోస్ మెరీనా నుంచి కొన్ని, పిరాయస్ నుంచి కొన్ని, ఈ రెండూ వేర్వేరు చోట్లు. ఒక్కో దీవిలో ఎన్ని నిమిషాలు? ఇది రాతపూర్వకంగా చూడండి, "తగినంత సమయం" లాంటి మాటలు నమ్మకండి. గాలి వల్ల రద్దయితే డబ్బు వెనక్కిస్తారా, లేక ఇంకో తేదీ మాత్రమే ఇస్తారా? బస్సు హోటల్ గుమ్మం దగ్గరికి వస్తుందా, లేక పక్క వీధిలో ఇంకో హోటల్ ముందు నిలబడాలా? మాకు ఈ చివరిదే దెబ్బ కొట్టింది. పొద్దున ఆరున్నరకి మేం మా హోటల్ ముందు నిలబడి ఉంటే బస్సు రెండు వీధులవతల ఆగి వెళ్ళిపోయింది. చివరికి టాక్సీ పట్టుకుని వెళ్ళాం. తప్పు వాళ్ళదే అందామంటే, కన్ఫర్మేషన్ మెయిల్లో చివరి లైన్లో రాసి ఉంది, నేను చదవలేదు.

వీఐపీ సీట్లని ఇంకో 30, 40 యూరోలు అడుగుతారు. వద్దు. దాని బదులు కింద ఏడో భాగం చదవండి.

5. శాకాహారుల సంగతి

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తా, మనవాళ్ళకి అసలు ఇబ్బంది ఇక్కడే కాబట్టి.

బుకింగ్‌లో "వెజిటేరియన్" అని టిక్ పెట్టాను. ఓడ మీద బఫేలో అన్నం చూపించి ఇది వెజ్ అన్నారు. అమ్మ ప్లేటులో పెట్టుకుని గరిటెతో కదిపితే గులాబీ రంగులో ఉంగరంలా ఒక ముక్క. స్క్విడ్. వడ్డించే అబ్బాయిని అడిగితే, పాపం నిజంగానే ఆశ్చర్యపోయి, "ఇందులో మాంసం లేదుగా" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. గ్రీకు క్రైస్తవులకి ఉపవాస దినాలు చాలా ఉన్నాయి, ఆ రోజుల్లో మాంసం, చేపలు, పాలు, గుడ్లు తినరు, కానీ రక్తం లేని జీవాలని రొయ్యలు, స్క్విడ్, ఆక్టోపస్ లాంటివి తినొచ్చు. ఆ తిండిని "నిస్తీసిమో" అంటారు. కాబట్టి వాళ్ళు నిస్తీసిమో అంటే మనం శాకాహారం అనుకోకూడదు.

ఇలా చెప్పండి: "హోరిస్ క్రేయాస్, హోరిస్ ప్సారి, హోరిస్ థలాసినా." మాంసం లేకుండా, చేప లేకుండా, సముద్రపువేవీ లేకుండా అని. ఫోన్లో గ్రీకు లిపిలో రాసుకుని చూపిస్తే ఇంకా మంచిది. ఇంకోటి, గ్రీకులో "నే" అంటే అవును. మన చెవికి హిందీ "నహీ"లా వినిపిస్తుంది. చేప ఉందా అని అడిగితే తల ఊపి "నే" అన్నాడంటే, ఉందని. "ఒహీ" అంటే లేదని.

ఏం తినొచ్చంటే, నిజానికి బోలెడున్నాయి. "ఫావా" అని పసుపుపచ్చ బఠాణీ బద్దలు మెత్తగా ఉడికించి పైన ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇస్తారు, అచ్చం తాలింపు లేని ముద్దపప్పు. అమ్మ పర్సులోంచి ఎండుమిరపకాయ తీసి తుంచి కలుపుకుంది, ఎక్కడి నుంచి తెచ్చిందో అడగలేదు. "గిగాంటెస్" అని పెద్ద చిక్కుడు గింజల కూర, పాలకూర పెట్టి కాల్చిన "పై" (pie), బియ్యం కూరిన టమాటాలు (వాటిలో ఒక్కోసారి ఖీమా పెడతారు, అడగాలి), ఫెటా చీజ్ వేసిన సలాడ్. ఇవి దీవుల్లోని చిన్న హోటళ్ళలో దొరుకుతాయి. ఓడ బఫేలో మాత్రం శాకాహారికి దక్కేది బ్రెడ్డు, సలాడ్, బంగాళాదుంప, పాస్తా, అంతే. బయటి తిండి ఓడలో బల్ల మీద పరిస్తే కొందరు ఒప్పుకోరు, కానీ సంచిలో చిన్న డబ్బా పులిహోర ఉంటే రేవులో బెంచీ మీద కూర్చుని తినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

6. సంచిలో ఏముండాలి

పాస్‌పోర్ట్, టోపీ (తాడున్నది, లేకపోతే సముద్రానికి సమర్పయామి), పల్చటి స్వెట్టర్, ఎండ ఎంత ఉన్నా డెక్ మీద గాలికి చలేస్తుంది. ఈతకి వెళ్తే తువ్వాలు, రబ్బరు చెప్పులు, రాళ్ళకి అంటుకుని సముద్రపు ముళ్ళకాయల్లాంటి జీవులుంటాయి. అమ్మ చీర కట్టుకుంటానంటే వద్దనకండి, పిన్నీసులు ఎక్కువ ఇవ్వండి. చెప్పులు మాత్రం జారనివి. హైడ్రాలో రాళ్ళు తరాల తరబడి అరిగి అద్దంలా ఉంటాయి.

కడుపులో తిప్పేవాళ్ళు మాత్ర ఓడ కదిలాక వేసుకుంటే లాభం లేదు, అరగంట గంట ముందే వేసుకోవాలి. అవోమిన్ లాంటివి నిద్ర తెప్పిస్తాయి, బీపీ మందులూ అవీ వాడే పెద్దవాళ్ళయితే డాక్టర్‌ని ఒకసారి అడగండి. ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో ఊపు తక్కువ. కళ్ళు దూరాన నీళ్ళూ ఆకాశం కలిసే గీత మీద పెట్టండి, ఫోన్ మీద కాదు.

7. పొద్దున్నే సీటు పట్టడం

సొంతంగా ఫ్లిస్వోస్ వెళ్ళాలంటే ఏథెన్స్ నడిబొడ్డున ఉన్న సింటగ్మా కూడలి నుంచి ట్రామ్‌లో వెళ్ళొచ్చు, దారిలో ఒకసారి మారాలి, నెమ్మదిగా వెళ్తుంది. పిరాయస్ అయితే మెట్రో, 2022 నుంచి ఎయిర్‌పోర్ట్ లైను కూడా అక్కడిదాకా వెళ్తోంది. పిరాయస్ చాలా పెద్ద రేవు, గేట్లకి నంబర్లుంటాయి, మీ గేటు ఏదో ముందు రోజే చూసుకోండి.

ఓడెక్కగానే అందరూ పై డెక్‌కి ఎగబడి ఎడాపెడా కూర్చుంటారు. మీరు ముందుకి మొహం పెట్టి నిలబడి కుడివైపు పట్టుకోండి. పొద్దున ఓడ దక్షిణంగా పోతుంది, సూర్యుడు ఎడమన తూర్పున ఉంటాడు. సాయంత్రం ఉత్తరంగా తిరిగొస్తుంది, సూర్యుడు పడమరన, అంటే మళ్ళీ ఎడమనే. రెండు పూటలా కుడివైపే నీడ. ఇంత చిన్న లెక్క ఓడలో ఎవరూ వేసుకోరు.

ఎక్కువగా హైడ్రా ముందు, తర్వాత పోరోస్, చివర ఎజీనా. కొన్ని ఓడలు తారుమారు చేస్తాయి.

8. హైడ్రా: నా ఓటు దీనికే

బోర్డుల మీద హైడ్రా అని వెతికితే దొరకదు, గ్రీకులో "ఇద్రా" అంటారు, ఆ లిపిలో ఇంగ్లిష్ వై అక్షరంలాంటి దానితో మొదలవుతుంది. ఇక్కడ కార్లు లేవు, మోటారు సైకిళ్ళు లేవు, సైకిలు కూడా కూడదు. చెత్త ఎత్తే బండి లాంటివి తప్ప చక్రాలే కనబడవు. అన్నీ మనుషులూ కంచరగాడిదలూ మోయాల్సిందే.

ఓడ దిగగానే చూశాం: ఒక కంచరగాడిద వీపుకి ఒక పక్క నీళ్ళ సీసాల కేసులు, ఇంకో పక్క సిమెంటు బస్తా, పైన అడ్డంగా మడత మంచం. మెట్ల దగ్గరకి రాగానే ఆగింది. తోలేవాడు ఏమీ అనలేదు, అది తనకు తానే ఒక కాలు పెట్టి చూసుకుని, బరువు సర్దుకుని, ఎక్కింది. "పాపం దాని మోకాళ్ళు మీ నాన్న మోకాళ్ళ కన్నా గట్టివే" అంది అమ్మ.

రేవులో గాడిద సవారీ ఎక్కమంటారు. ఎక్కొద్దనే నా సలహా. 2018లో గ్రీసు ఒక నిబంధన పెట్టింది, జంతువు మీద 100 కిలోలకి గానీ దాని బరువులో ఐదో వంతుకి గానీ మించి బరువు వేయకూడదని. గాడిద బరువులో ఐదో వంతంటే ఎంతో మీరే చూసుకోండి, మనలో చాలామందిమి దాటేస్తాం.

మీకుండేది గంటన్నర. రేవు చుట్టూ ఉన్న కాఫీ షాపుల్లో కూర్చుంటే అక్కడే అయిపోతుంది, రేట్లు కూడా వాత పెట్టినట్టుంటాయి. గడియార స్తంభం కింద గుమ్మంలోంచి లోపలికి వెళ్తే పాత మఠం ఆవరణ వస్తుంది, బయటి గోలంతా ఒక్కసారి ఆగిపోతుంది, ఐదు నిమిషాలు చాలు. తర్వాత రేవుకి ఎదురుగా నిలబడితే ఎడమచేతి వైపు, అంటే పడమటి కొసకి, ఫిరంగులు పెట్టిన గట్టు మీదకి నడవండి. 1821లో ఒట్టోమన్ తురుష్కుల మీద గ్రీకులు తిరగబడినప్పుడు ఈ చిన్న దీవి ఓడలే యుద్ధంలో పెద్ద పాత్ర పోషించాయి, నౌకాదళాన్ని నడిపిన మియావులిస్ ఇక్కడివాడే. అంతకుముందు నెపోలియన్ యుద్ధాల కాలంలో దిగ్బంధాలు తప్పించుకుని ధాన్యం అమ్మి కెప్టెన్లు బాగా గడించారు, కొండ మీద కనబడే బూడిదరంగు పెద్ద పెద్ద ఇళ్ళన్నీ ఆ డబ్బుతో కట్టినవే.

ఆ గట్టు కిందే స్పిలియా అని ఈత కొట్టే చోటు. ఇసుక లేదు, రాళ్ళ మీంచి మెట్లు నేరుగా లోతు నీళ్ళలోకి దిగుతాయి. ఈత బాగా వస్తేనే దిగండి, కాళ్ళకి నేల తగలదు. ఈత రానివాళ్ళు ఆ గట్టు వెంట ఇంకో పావుగంట నడిస్తే కమీని అనే చిన్న పల్లె రేవు వస్తుంది, పిల్లులు, వలలు, రంగు పడవలు. అక్కడిదాకా వెళ్ళి వెంటనే తిరిగితే టైముకి ఓడ దగ్గర ఉంటారు. కెనడా కవి, గాయకుడు లియొనార్డ్ కోహెన్ 1960లో ఇక్కడ ఇల్లు కొన్నాడు. ఆ ఇల్లు వెతుక్కుంటూ సందుల్లో తిరిగే అభిమానులు కనిపిస్తూనే ఉంటారు, గంటన్నరలో మీరా పని పెట్టుకోకండి.

9. పోరోస్

ఇది కొసరే. 45 నిమిషాలో గంటో. పోరోస్ అంటేనే దాటే దారి అని అర్థం, పెలొపొనీస్ ద్వీపకల్పానికీ ఈ దీవికీ మధ్య సన్నటి కాలువ లాంటి సముద్రం, అవతలి గలాటాస్ ఊళ్ళో జనం కనిపిస్తారు. ఓడ ఈ సందులోకి దూరుతున్నప్పుడు డెక్ మీదే ఉండండి, దీవి మీద దిగడం కన్నా అదే బాగుంటుంది. దిగితే 1927 నాటి గడియార స్తంభం దాకా మెట్లెక్కడం, చూడ్డం, దిగడం. అంతే. వక్తగా పేరుపడ్డ డెమొస్తనీస్ క్రీ.పూ. 322లో మాసిడోనియా సైనికులకి చిక్కకుండా విషం తాగి చనిపోయింది ఈ దీవిలోని సముద్ర దేవుడు పొసైడన్ గుడిలోనే. కానీ ఆ గుడి ఊరికి దూరం, పునాదులే మిగిలాయి, మీకు టైము చాలదు.

10. ఎజీనా: గుడా, పిస్తానా?

ఇక్కడ రెండు గంటల దాకా ఇస్తారు. ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలి. ఓడవాళ్ళు విడిగా డబ్బు తీసుకుని బస్సులో అఫాయా అనే గ్రీకు దేవత గుడికి తీసుకెళ్తారు. క్రీ.పూ. 500 ప్రాంతంలో కట్టిన డోరిక్ గుడి, పైన్ చెట్ల మధ్య కొండ మీద, చాలా స్తంభాలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. గాలి తేటగా ఉంటే అక్కడి నుంచి ఏథెన్స్ కనిపిస్తుంది. సొంతంగా వెళ్ళాలంటే ఊరి నుంచి 12 కిలోమీటర్లు, బస్సు దొరక్కపోతే ఓడ పోతుంది, కాబట్టి వెళ్తే వాళ్ళ బస్సులోనే వెళ్ళండి. అది ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీరు ఆలస్యమైతే ఆగదు.

ఆ గుడి కప్పు కింద ఉండాల్సిన శిల్పాలు అక్కడ లేవు. 1811లో తవ్వి తీసుకెళ్ళారు, బవేరియా యువరాజు లుడ్విగ్ కొన్నాడు, ఇప్పుడు మ్యూనిక్‌లో గ్లిప్టోథెక్ మ్యూజియంలో ఉన్నాయి. మా ఇంటికి ట్రామ్ దూరంలో ఉన్నవాటి అసలు చోటు చూడ్డానికి నేను రెండున్నర గంటలు విమానమెక్కి వచ్చానన్నమాట. మ్యూనిక్‌లో ఉన్న మనవాళ్ళు బయల్దేరే ముందు ఒకసారి అక్కడికి వెళ్ళి రండి, ఖాళీగా ఉన్న ఆ గుడి అప్పుడు వేరేలా కనిపిస్తుంది.

గుడి వద్దనుకుంటే రేవు దగ్గరే ఉండండి. పది నిమిషాల నడకలో కొలోనా, అపోలో గుడికి మిగిలిన ఒకే ఒక్క స్తంభం. ఆధునిక గ్రీసు పుట్టిన కొత్తలో, నాఫ్లియోకి మారకముందు, రాజధాని ఈ ఊరే.

ఇక పిస్తా. ఎజీనా పిస్తా అన్న పేరుకి చట్ట రక్షణ ఉంది, వేరే చోట పండినదాన్ని ఆ పేరుతో అమ్మకూడదు, కోత ఆగస్టు, సెప్టెంబరుల్లో. మేం వెళ్ళినప్పుడు కొత్త పంట. రేవు మీద మొదటి దుకాణంలో కొనేయకండి, రుచి చూపించమని అడగండి, చూపిస్తారు. రెండు మూడు చోట్ల నోట్లో వేసుకుంటే తేడా తెలుస్తుంది: మంచిది కొరికితే టక్‌మంటుంది, ఉప్పు పెంకు మీదే ఉంటుంది, లోపలి గింజ తియ్యగా. సీలు వేసిన ప్యాకెట్టు తీసుకోండి. చౌక మాత్రం కాదు.

11. ఓడ తప్పిపోకుండా, తప్పితే

దిగేటప్పుడు ఓడ పేరుని, గట్టు మీద బోర్డులో రాసిన టైముని ఫొటో తీయండి. అక్కడ 12:40 అని ఉంటే 12:40కి నిచ్చెన తీసేస్తారని అర్థం, రమ్మని కాదు. పావుగంట ముందుండండి. ఒకే రేవులో ఒకేలాంటి ఓడలు రెండు ఆగి ఉంటాయి, తొందరలో వేరేది ఎక్కబోయినవాళ్ళని చూశాను.

నిజంగానే తప్పిపోతే ప్రపంచం మునగదు. ముందు క్రూజ్ వాళ్ళకి ఫోన్ చేయండి. హైడ్రాలో తప్పితే, వేగంగా వెళ్ళే పడవ వెంటనే ఉంటే పోరోస్‌లో మీ ఓడని అందుకోవచ్చు, లేకపోతే నేరుగా పిరాయస్ వచ్చేయండి. ఎజీనా నుంచి పిరాయస్‌కి ఫెర్రీలు రోజంతా ఉంటాయి. దీనికోసమే పాస్‌పోర్ట్, కార్డు, కొంచెం నగదు ఓడలో సీటు మీద వదలకుండా మీతోనే ఉంచుకోమనేది. అందరం కలిసి తప్పిపోయినా ఫర్వాలేదు గానీ ఒక్కరు తప్పిపోతే గోల, కాబట్టి పెద్దవాళ్ళ ఫోన్లో రోమింగ్ పనిచేస్తోందో లేదో పొద్దున్నే చూడండి.

సాయంత్రం తిరుగు దారిలో లోపల డాన్సులు మొదలవుతాయి, చేతులు పట్టి లాగుతారు. ఇష్టమైతే వెళ్ళండి, లేదంటే కుడివైపు సీట్లో కూర్చుని పిస్తా పెంకులు కాగితంలో పోగేసుకోండి. ఫ్లిస్వోస్‌లో దిగేవాళ్ళకి ఆవెరోఫ్ అనే పాత యుద్ధనౌక మ్యూజియంగా కట్టేసి కనిపిస్తుంది, ఆ వేళకి మూసేసి ఉంటుంది. బస్సు కోసం క్యూ పెద్దదిగా ఉంటే ఆగకుండా ట్రామ్ స్టాపుకి నడిచేయండి, మేమూ అదే చేశాం. సింటగ్మా చేరేసరికి అమ్మ భుజం మీద వాలి నాన్న మళ్ళీ నిద్రపోయాడు.